కరెంటు పోయొచ్చాక మెయిల్ ఎందుకు రాదు: డవ్‌కాట్, పోస్ట్‌ఫిక్స్ కనెక్షన్ లిమిట్ల గొడవ

“అన్నా, ఫోన్లో వైఫై ఆపేస్తే మెయిల్ వస్తోంది, ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది.” ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్ ఇది. ఆ రోజు 20వ తారీఖు, జీఎస్టీ త్రీబీ రిటర్నులకి ఆఖరి రోజు, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, అందరూ టెన్షన్‌లో ఉన్నారు. నిజానికి ఆ అమ్మాయి చెప్పిన ముక్కలోనే సగం జవాబుంది. పాస్‌వర్డ్ తప్పయితే వైఫై మీదైనా తప్పే, మొబైల్ డేటా మీదైనా తప్పే. ఒక ఐపీ (నెట్‌లో ఆ కనెక్షన్‌కి ఉండే అడ్రస్) నుంచి వెళ్తే సర్వర్ కాదంటోంది, ఇంకో ఐపీ నుంచి వెళ్తే సరే అంటోంది. కాబట్టి సర్వర్ ఎక్కడో ఏదో లెక్కపెడుతోంది, ఆ లెక్క నిండిపోయింది.

ఆ ఆఫీసు సర్వర్‌లో జనానికి మెయిల్ చదివించే సాఫ్ట్‌వేర్ డవ్‌కాట్. దాని లాగ్ తెరిస్తే అదే ఉంది: ‘మ్యాగ్జిమమ్ నంబర్ ఆఫ్ కనెక్షన్స్ ఫ్రమ్ యూజర్ ప్లస్ ఐపీ ఎక్సీడెడ్’, పక్కనే మెయిల్_మ్యాక్స్_యూజర్‌ఐపీ_కనెక్షన్స్ ఈక్వల్ టు 10. నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా ఆ 10ని 50 చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయమని. చాలామంది అదే చేస్తారు, ఆ పూటకి పని జరిగిపోతుంది కూడా. నా గొడవ ఏంటంటే, మెయిల్ సర్వర్‌లో లిమిట్ అనేది ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి అరడజను దాకా ఉన్నాయి. ముందున్నది పెంచితే వెనకున్నది తగులుతుంది, అది తగిలినప్పుడు ఒక్క మనిషికి కాదు, ఆఫీసు మొత్తానికి మెయిల్ ఆగుతుంది. అందుకే ఎర్రర్‌లో కనిపించిన అంకెని నేను చివర్లో ముట్టుకుంటాను. ముందు ఆ కనెక్షన్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలి.

(నేను చెప్పేదంతా డవ్‌కాట్ 2.3 సిరీస్ గురించి. 2.4లో కాన్ఫిగ్ రాసే పద్ధతి చాలా మారింది, ఇక్కడి పేర్లు అక్కడ యథాతథంగా అతికించకండి.)

ఆ ఆఫీసులో జరిగింది చూద్దాం. థండర్‌బర్డ్ (కంప్యూటర్లో మెయిల్ చదివే ప్రోగ్రామ్) ఒక్కో ఐమ్యాప్ (మెయిల్‌ని సర్వర్ మీదే ఉంచి చదివే పద్ధతి) అకౌంట్‌కి మామూలుగా 5 కనెక్షన్ల దాకా తెరిచి పెట్టుకుంటుంది. నాలుగైదు ఫోల్డర్లు అటూ ఇటూ చూసే మనిషైతే ఆ 5 నిజంగానే తెరుచుకుని ఉంటాయి. అవి ఊరికే ఉండవు, ‘ఐడిల్’లో కూర్చుంటాయి, అంటే కొత్త మెయిల్ వస్తే నువ్వే చెప్పు అని సర్వర్‌కి చెప్పి లైన్ పట్టుకుని ఉండటం. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2177 అనే ఇంటర్నెట్ ప్రమాణం ఈ ఐడిల్‌ని పెట్టింది, కనీసం 29 నిమిషాలకోసారి క్లయింట్ (థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్) దాన్ని మళ్లీ మొదలుపెట్టాలని కూడా అందులోనే చెప్పారు. అంటే ఒక కనెక్షన్ గంటల తరబడి ఏ పనీ చేయకుండా బతికుండటం ఇక్కడ మామూలే, తప్పేం కాదు.

ఇప్పుడు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, రౌటర్‌కి లేదు. రౌటర్ ఆగిపోతే సర్వర్‌కి ఎవరూ ‘వెళ్తున్నాను’ అని చెప్పరు. డవ్‌కాట్ ఐడిల్‌లో ఉన్న ప్రతి క్లయింట్‌కీ 2 నిమిషాలకోసారి ‘స్టిల్ హియర్’ అని ఒక లైను పంపిస్తుంది. అవతల నుంచి జవాబు రాకపోతే సర్వర్‌లోని లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతూ, డిఫాల్ట్ సెట్టింగులతో ఒక 15 నిమిషాల పైచిలుకు ప్రయత్నించి, అప్పుడు గానీ ఆ కనెక్షన్ చచ్చిపోయిందని ఒప్పుకోదు. ఈలోగా కరెంటు ఐదు నిమిషాల్లోనే వచ్చేసింది, రౌటర్ లేచింది, ఆ ఆఫీసుది స్టాటిక్ (మారని) ఐపీ కాబట్టి అదే ఐపీతో లేచింది. థండర్‌బర్డ్ పాత కనెక్షన్లు పోయాయని గ్రహించి కొత్తగా 5 తెరిచింది. చచ్చినవి 5, బతికినవి 5, మొత్తం 10. వైఫైలో ఉన్న ఫోన్ 11వది అయింది, బయటికి తోసేశారు. లాగిన్ కాదన్నారు కాబట్టి ఫోన్ యాప్ తనకి తెలిసిన ఒకే ఒక్క కారణం ఊహించుకుని పాస్‌వర్డ్ అడిగింది. ఇంకా ఘోరం ఏంటంటే కొంతమంది ఆ పాస్‌వర్డ్ అడిగింది కదా అని తప్పో ఒప్పో ఏదో ఒకటి కొడుతూ పోతారు, అప్పుడు ఫెయిల్2బ్యాన్ (తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువైతే అడ్డుకునే ప్రోగ్రామ్) రంగంలోకి దిగి ఆ ఐపీనే మూసేస్తుంది, ఆ ఐపీ వెనక ఆఫీసంతా ఉంటుంది. ఆఫీసుల స్టాటిక్ ఐపీలని దాని ఇగ్నోర్ లిస్టులో పెట్టుకోవడం ఎప్పుడూ మంచిది.

ఇలాంటప్పుడు రెండు కమాండ్లు చూస్తే బొమ్మ మొత్తం కనిపిస్తుంది. ‘డవ్‌ఆడ్మ్ హూ’ కొడితే ఏ యూజర్‌కి ఎన్ని కనెక్షన్లు, ఏ ఐపీ నుంచి, వాటి ప్రాసెస్ ఐడీలేంటి అన్నీ వస్తాయి. కానీ అది చచ్చినదాన్నీ బతికినదాన్నీ ఒకేలా లెక్కపెడుతుంది. తేడా తెలియాలంటే ‘ఎస్ఎస్’ కమాండ్‌ని టీ, ఎన్, ఓ ఆప్షన్లతో, ఐమ్యాప్ వాడే 993 పోర్టు మీద నడపండి. బతికున్న ఐడిల్ కనెక్షన్లకి సెండ్-క్యూ కాలమ్‌లో సున్నా ఉంటుంది. చచ్చినవాటికి కొన్ని బైట్లు ఇరుక్కుని ఉంటాయి, చివర్లో టైమర్ దగ్గర ఎన్నోసారి మళ్లీ పంపుతున్నాడో ఆ అంకె పెరుగుతూ కనిపిస్తుంది. ఆ బైట్లే ఇందాక చెప్పిన ‘స్టిల్ హియర్’ లైన్లు, తీసుకునేవాడు లేక అక్కడే పడి ఉన్నాయి. ఇది ఒకసారి కళ్లారా చూస్తే, ‘ఎవరో మన సర్వర్ మీద దాడి చేస్తున్నారు’ అనే అనుమానం వెంటనే పోతుంది. అర్జెంటైతే ‘డవ్‌ఆడ్మ్ కిక్’తో ఆ యూజర్‌ని మొత్తం దించేస్తే సరిపోతుంది, బతికున్న క్లయింట్లు వాటంతటవే మళ్లీ ఎక్కుతాయి.

మరి ఆ 10 పెంచాలా? పెంచాలి, ఈ ఒక్క లిమిట్ విషయంలో నేను ధారాళంగానే ఉంటాను, 30 పెట్టేస్తాను. ఇది ఒక మనిషికీ ఒక ఐపీకీ కలిపి ఉన్న లెక్క కాబట్టి, పెంచినా ఒకడి క్లయింట్ పిచ్చెక్కితే వాడి వరకే. మనిషికి ఒక కంప్యూటర్ మాత్రమే ఉంటే 10 సరిపోతుంది, ఇప్పుడు ల్యాప్‌టాప్, ఫోన్, ఇంటి దగ్గర ట్యాబ్, పైగా ఆఫీసుల్లో ‘అకౌంట్స్’ అనో ‘ఇన్ఫో’ అనో ఒకే మెయిల్‌బాక్స్‌ని నలుగురు నాలుగు సిస్టమ్‌లలో తెరిచి పెట్టుకోవడం ఉంది. ఆ షేర్డ్ మెయిల్‌బాక్స్ దగ్గరే ఇది అందరికంటే ముందు తగులుతుంది, 4 సిస్టమ్‌లు ఇంటూ 5 అంటే 20. జీమెయిల్ కూడా ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్ల దగ్గర ఆపేస్తుంది, అక్కడ ఐపీతో కూడా పని లేదు. ఈ సెట్టింగ్‌ని మాత్రం ఐమ్యాప్ ప్రోటోకాల్ బ్లాకు లోపల పెట్టండి, 20-ఐమ్యాప్ ఫైల్లో కామెంట్ చేసి సిద్ధంగానే ఉంటుంది.

ఇక్కడితో ఆపితే అసలు చిక్కు వారం పది రోజుల తర్వాత వస్తుంది, అదీ అందరికీ ఒకేసారి. డవ్‌కాట్‌లో ఐమ్యాప్-లాగిన్ అని ఇంకో సర్వీసుంది. డిఫాల్ట్‌గా అది ‘హై సెక్యూరిటీ’ పద్ధతిలో నడుస్తుంది, అంటే సర్వీస్_కౌంట్ 1, ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో లాగిన్ ప్రాసెస్. పేరు లాగిన్ కదా, లాగిన్ అవ్వగానే దాని పని అయిపోతుందనుకుంటాం. టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన) కనెక్షన్ అయితే అలా అవ్వదు, ఎన్‌క్రిప్షన్ విప్పడం, చుట్టడం ఆ ప్రాసెసే చేస్తుంది కాబట్టి కనెక్షన్ ఉన్నంతసేపూ అది కూడా ఉంటుంది. ఈ రోజుల్లో టీఎల్‌ఎస్ లేని కనెక్షన్ ఎక్కడుంది? దాని ప్రాసెస్_లిమిట్ డిఫాల్ట్ 100. అంటే మొత్తం సర్వర్ మీద, అందరు యూజర్లకీ కలిపి, 100 కనెక్షన్లే. 20 మంది ఇంటూ 5 అంటే అయిపోయినట్టే. అప్పుడు లాగ్‌లో ‘ప్రాసెస్ లిమిట్ 100 రీచ్డ్, క్లయింట్ కనెక్షన్స్ ఆర్ బీయింగ్ డ్రాప్డ్’ అని వస్తుంది. యూజర్‌కి 30 ఇచ్చాక ఈ గోడ ఇంకా త్వరగా తగులుతుంది, అదీ ఇందాకటి సలహాతో నా పేచీ.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, అదే పద్ధతిలో ఉంచి ప్రాసెస్_లిమిట్‌ని 500 చేయడం. రెండోది ‘హై పర్ఫార్మెన్స్’ పద్ధతి, సర్వీస్_కౌంట్ 0 చేసి, ప్రాసెస్_మిన్_అవైల్‌ని సర్వర్ కోర్ల సంఖ్యకి సమానంగా పెడితే, ఒక్కో లాగిన్ ప్రాసెస్ వందల మందిని మోస్తుంది, మెమరీ బాగా మిగులుతుంది. కానీ హార్ట్‌బ్లీడ్ గుర్తుందా, 2014లో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపంతో ప్రాసెస్ మెమరీ బయటికి చదివేసేవాళ్లు? అలాంటిది మళ్లీ వస్తే, ఒక ప్రాసెస్‌లో ఒక్కడే ఉంటే వాడి సరుకే పోతుంది, వందమంది ఉంటే వందమందిదీ. వంద మంది లోపు ఆఫీసులకి నేను మొదటి దారే వాడతాను, ర్యామ్ కొనుక్కోవచ్చు కదా. వేలల్లో యూజర్లున్న కాలేజీలకి రెండోది తప్పదు.

లిమిట్లు పెంచి సర్వీస్ లేపగానే డవ్‌కాట్ ఒక హెచ్చరిక లాగ్‌లో పడేస్తుంది, ఫైల్ డిస్క్రిప్టర్ల (ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరవగలిగే ఫైళ్లు, కనెక్షన్ల) లిమిట్ నువ్వడిగిన లోడ్‌కి సరిపోదు అని, 1024 లెస్ దేన్ ఫలానా అని. దీన్ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ యూనిట్‌లో లిమిట్‌నోఫైల్ పెంచండి, ఒక్క నిమిషం పని. దానికంటే దొంగచాటుగా ఉండేది ఐనోటిఫై, అంటే ఫోల్డర్లో మార్పు వస్తే చెప్పే లైనక్స్ ఏర్పాటు. కొత్త మెయిల్ వచ్చిందని ఐడిల్‌లో ఉన్నవాళ్లకి వెంటనే చెప్పడానికి ప్రతి ఐమ్యాప్ ప్రాసెస్ కెర్నల్ దగ్గర ఒక ఐనోటిఫై ఇన్‌స్టెన్స్ తీసుకుంటుంది. ఒక లైనక్స్ యూజర్‌కి ఇవి డిఫాల్ట్‌గా 128. మనం వర్చువల్ యూజర్లు (విడివిడిగా లైనక్స్ అకౌంట్లు లేని మెయిల్ యూజర్లు) పెట్టుకుంటాం కాబట్టి ఆఫీసులో ఎంతమంది ఉన్నా కెర్నల్ దృష్టిలో అందరూ ‘వీమెయిల్’ అనే ఒకే మనిషి. 129వ కనెక్షన్‌కి ఎర్రర్ రాదు, కనెక్షన్ పడుతుంది, మెయిల్ కూడా వస్తుంది, కాకపోతే డవ్‌కాట్ 30 సెకన్లకోసారి తనే వెళ్లి చూసుకునే పద్ధతికి మారుతుంది. ఓటీపీ కోసం కూర్చున్నవాడికి ఆ అర నిమిషం ఎంత పెద్దదో మీకు తెలుసు. లాగ్‌లో ‘ఐనోటిఫై ఇన్‌స్టెన్స్ లిమిట్ ఎక్సీడెడ్, డిజేబ్లింగ్’ అని ఒక లైను ఉంటుంది, దాన్ని వెతికి, సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగుల్లో) ఎఫ్ఎస్ డాట్ ఐనోటిఫై డాట్ మ్యాక్స్_యూజర్_ఇన్‌స్టెన్సెస్‌ని 1024 చేయండి.

ఇదంతా మెయిల్ చదివేవైపు. మెయిల్ తీసుకునే వైపు, అంటే పోస్ట్‌ఫిక్స్ దగ్గర, నా ఉదారత తగ్గిపోతుంది. అక్కడ అవతల ఉన్నది మనవాళ్లు కాదు, ప్రపంచం మొత్తం. పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్_ప్రాసెస్_లిమిట్ 100, ఒక ఐపీకి ఒకేసారి ఇచ్చేది అందులో సగం, 50. ఈ లెక్కలు ‘యాన్‌విల్’ అనే చిన్న డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) చూసుకుంటుంది. దాటితే 421 కోడ్‌తో ‘టూ మెనీ కనెక్షన్స్’ అంటుంది. 4తో మొదలయ్యే జవాబు తాత్కాలికం కాబట్టి నికార్సైన సర్వర్ అయితే క్యూలో పెట్టుకుని తర్వాత మళ్లీ వస్తుంది, మెయిల్ పోదు. అందుకే బయటి సర్వర్ల నుంచి మెయిల్ వచ్చే 25 పోర్టు దగ్గర ఈ 50ని పెంచాల్సిన అవసరం నాకు ఇంతవరకూ రాలేదు, ఇంకా తగ్గించి 20 పెట్టినా నిజమైన మెయిల్ ఏదీ ఆగలేదు.

అయితే ఒక జాగ్రత్త. అదే సెట్టింగ్ మెయిల్ పంపడానికి వాడే 587 పోర్టుకీ వర్తిస్తుంది, అక్కడ ఉన్నది మన యూజర్లు, ఆఫీసంతా ఒకే ఐపీ వెనక. కాబట్టి మాస్టర్ డాట్ సీఎఫ్ అనే పోస్ట్‌ఫిక్స్ ఫైల్లో సబ్మిషన్ (ఆ 587) సర్వీసుకి విడిగా, మైనస్ ఓ పెట్టి, వేరే అంకె ఇవ్వండి, మ్యాక్స్‌ప్రాక్ కాలమ్‌లో కూడా విడిగా రాయండి. రెండూ ఒకే అంకె మీద నడిపే సర్వర్లు ఎన్నో చూశాను. ఇంకోటి, సర్వర్ ముందు కనెక్షన్లు అందుకుని లోపలికి పంపే హెచ్‌ఏప్రాక్సీ లాంటిది పెట్టి, అసలు ఐపీని చెప్పే ప్రాక్సీ ప్రోటోకాల్ ఆన్ చేయకపోతే, వచ్చే ప్రతి కనెక్షనూ ఆ ప్రాక్సీ ఐపీ నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది, 50 దాటగానే అందరికీ 421. ఆ ప్రాక్సీ ఐపీని మైనెట్‌వర్క్స్‌లో (పోస్ట్‌ఫిక్స్ నమ్మే ఐపీల జాబితాలో) కలిపేసి చేతులు దులుపుకునేవాళ్లున్నారు, మైనెట్‌వర్క్స్‌కి ఈ లిమిట్లు వర్తించవు కాబట్టి 421లు పోతాయి నిజమే, కానీ దాంతో పాటు ప్రపంచం మొత్తానికీ మీ సర్వర్ ద్వారా స్పామ్ పంపుకునే హక్కు ఇచ్చేసినట్టే.

పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్‌లు ఐపీ లిమిట్‌కి దొరకవు. వందల ఐపీల నుంచి ఒక్కొక్కటీ ఒకటో రెండో కనెక్షన్లతో వస్తాయి, ఏ ఒక్కటీ 50 దగ్గరికి కూడా రాదు, కానీ అన్నీ కలిసి ఆ 100 ప్రాసెస్‌లనీ ఆక్రమిస్తాయి. దీనికి పోస్ట్‌ఫిక్స్‌లో 2.5 వెర్షన్ నుంచి ఒక తెలివైన ఏర్పాటుంది. ప్రాసెస్‌లన్నీ నిండిపోగానే సర్వర్ తనంతట తనే ‘స్ట్రెస్’లోకి వెళ్లి, మామూలుగా 300 సెకన్లు ఓపిక పట్టేది 10 సెకన్లకే కట్ చేస్తుంది. 2.8లో వచ్చిన పోస్ట్‌స్క్రీన్ ఇంకా ముందే ఆపుతుంది, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌లా ఒక్కడే నిలబడి, వచ్చినవాడిని కొన్ని సెకన్లు ఆపి, ఆ కాస్త ఆగలేక సర్వర్ పలకరించక ముందే మాట్లాడేసిన బాట్‌ని అక్కడే తిప్పి పంపేస్తాడు. అసలు ఎస్‌ఎంటీపీడీ (మెయిల్ తీసుకునే) ప్రాసెస్ ఒక్కటి కూడా ఖర్చవదు. 25 పోర్టు నిండిపోతోందని 100ని 500 చేసేవాళ్లు ముందు పోస్ట్‌స్క్రీన్ పెట్టి చూడండి, ఆ 100లో సగం ఖాళీగా కనిపిస్తాయి. 587 మీద మాత్రం పోస్ట్‌స్క్రీన్ పెట్టకూడదు, అది మన యూజర్ల పోర్టు.

500 చేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. యూజర్ల జాబితా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పెట్టుకున్న సర్వర్ అయితే, ప్రతి ఎస్‌ఎంటీపీడీ ప్రాసెస్సూ డేటాబేస్‌కి తన సొంత కనెక్షన్ తెరుస్తుంది, ఒక్కో మ్యాప్‌కి (పోస్ట్‌ఫిక్స్ వెతికే పట్టికకి) ఒకటి. మైఎస్‌క్యూఎల్ మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 151. ‘టూ మెనీ కనెక్షన్స్’ అనే ఎర్రర్ ఇప్పుడు డేటాబేస్ నుంచి వస్తుంది, బయటివాళ్లకి అది 451 ‘టెంపరరీ లుకప్ ఫెయిల్యూర్’గా కనిపిస్తుంది, మీరేమో పోస్ట్‌ఫిక్స్‌లో వెతుకుతూ ఉంటారు. మ్యాప్ పేరు ముందు ‘ప్రాక్సీ:’ అని చేర్చితే ప్రాక్సీమ్యాప్ అనే సర్వీసు కొద్ది కనెక్షన్లతో అందరి పనీ చేసిపెడుతుంది. ఇది లిమిట్ పెంచాలన్నా పెంచకపోయినా చేసుకోవాల్సిన పని. అలాగే అమావిస్ (వైరస్, స్పామ్ కోసం మెయిల్‌ని స్కాన్ చేసేది) వాడేవాళ్లు, దాని మ్యాక్స్_సర్వర్స్ డిఫాల్ట్ 2 అని గుర్తుంచుకోండి. ముందు ఎన్ని తలుపులు తెరిచినా లోపల స్కాన్ చేసేవి రెండే.

పంపేవైపు గురించి ఎక్కువ రాయను, అక్కడ పోస్ట్‌ఫిక్స్ తన లెక్క తనే బాగా చూసుకుంటుంది. ఒక గమ్యానికి 5 కనెక్షన్లతో మొదలుపెట్టి, బాగా వెళ్తుంటే 20 దాకా పెంచుకుంటూ, అవతలివాడు కాదంటే తగ్గించుకుంటుంది. ఏదో ఒక పెద్ద ప్రొవైడర్ 421లు ఇస్తుంటే వాళ్లకి మాత్రమే ‘స్లో’ అని ఒక ట్రాన్స్‌పోర్ట్ మాస్టర్ డాట్ సీఎఫ్‌లో పెట్టి, దాని కంకరెన్సీ (ఒకేసారి తెరిచే కనెక్షన్లు) 2 చేయండి, మిగతావాళ్ల మెయిల్ ఆలస్యం చేయకండి. రేట్_డిలే (ఒక మెయిల్‌కీ ఇంకోదానికీ మధ్య ఆగే సమయం) కూడా పెడితే కంకరెన్సీ ఎంత రాసినా 1గానే నడుస్తుంది, రెండూ పెట్టి ఎందుకింత నెమ్మది అని అడిగేవాళ్లున్నారు.

సొంత సర్వర్ లేకుండా మైక్రోసాఫ్ట్ 365 మీద ఉన్న ఆఫీసులకీ ఇలాంటిదే ఒకటి తగులుతుంది. అక్కడ స్కానర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఎస్‌ఎంటీపీ ఆథ్‌తో (ఒక మెయిల్‌బాక్స్‌గా లాగినై) పంపేటప్పుడు ఒక మెయిల్‌బాక్స్‌కి ఒకేసారి 3 కనెక్షన్లే, నిమిషానికి 30 మెయిల్సే. నెలాఖరున ఇన్వాయిస్‌లు ఒక్క బటన్‌తో అందరికీ పంపే సాఫ్ట్‌వేర్ ఉంటే 432 ఎర్రర్లు వరసగా వస్తాయి. దాన్ని మనం పెంచలేం. మధ్యలో చిన్న పోస్ట్‌ఫిక్స్ ఒకటి పెట్టి, సాఫ్ట్‌వేర్‌ని దానికి పంపమని చెప్పి, ఆ పోస్ట్‌ఫిక్స్ నుంచి బయటికి కంకరెన్సీ 2, రేట్ డిలే 2 సెకన్లు పెట్టేస్తే (పైన చెప్పినట్టే ఆ 2 పేరుకే), ఇన్వాయిస్‌లు కాస్త ఆలస్యంగా అయినా అన్నీ వెళ్తాయి. ఒక పాత డెస్క్‌టాప్ చాలు దానికి.